జ్వరం రాని ముగింపు

నేను ఒక వెదురు తెరను. ఆడవాళ్ళు మగవాళ్ళ కంట పడకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. ఉద్యోగం అని గొప్పగా అంటున్నాను గానీ ఇప్పుడు నేనున్న చోటు చూస్తే మీకు నవ్వొస్తుంది. పాత పఠనమందిరంలో మేడమెట్ల కింద, కాలు విరిగిన బల్లకీ చెదలు తిన్న పటాలకీ మధ్య నన్ను చాపలా చుట్టి నిలబెట్టారు. పుల్లలు సగం రాలిపోయాయి. మధ్యలో చాలా చేతులు మారాను. ఒకరింట్లో కోళ్ళగూటికి తలుపునయ్యాను. ఒక కాఫీ హోటలుకి ఎండ మాటుగా వేలాడాను. ఒక పెళ్ళిలో వంటవాళ్ళు నా మీద అప్పడాలు ఆరబెట్టారు. అవన్నీ పొట్టకూటి పనులు. వాటి గురించి చెప్పేదేమీ లేదు. నేను చెప్పబోయేది నాకు అసలు పని ఉన్న రోజుల సంగతి, వకీలు గారి భార్య చంద్రాయమ్మ గారి సంగతి.

ముందు నా పుట్టుక చెప్పాలి. గోదావరి మీద తెప్పలుగా దిగిన వెదురుని చీల్చి నన్ను అల్లింది నూకాలు అనే మేదర మనిషి. రోడ్డు పక్కన ఎండలో బాసింపట్టు వేసుకుని, నోట్లో చుట్ట పెట్టుకుని, వచ్చేపోయే వాళ్ళందరితో బేరాలాడుతూ అల్లింది. పుట్టి బుద్ధెరిగి ఎవరి చాటునా కూర్చోని మనిషి. పఠనమందిరం కార్యదర్శి సుబ్బారాయుడు గారు నన్ను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆమె అడిగింది.

“ఎవురికండీ ఇంత తెర? ఎండకా?”

“సభకొచ్చే ఆడవాళ్ళకి. మగవాళ్ళ కళ్ళు పడకుండా.”

“అయితే ఆ కళ్ళకే గుడ్డ కట్టుకుంటే సరిపోద్ది కదండీ. ఇన్ని ఎదురుబద్దలెందుకు దండగ?”

సుబ్బారాయుడు గారు వినిపించుకోలేదు. నన్ను బండిలో వేయించారు. అలా నేను ఘోషా పాటించని చేతుల్లో పుట్టి ఘోషాకి కాపలాదారునయ్యాను.

పఠనమందిరం హాల్లో ఒక మూలకి అడ్డంగా నన్ను కట్టారు. పెద్ద ఇళ్ళ ఆడవాళ్ళు గూడుబళ్ళలో వచ్చేవారు. బండికి ముందూ వెనకా తెరలు. బండి దిగి గుమ్మం చేరేదాకా అటో దాసీ ఇటో దాసీ దుప్పటి పట్టుకునేవారు. అక్కణ్ణుంచి నా వెనక్కి. ఒక తెరలోంచి ఇంకో తెరలోకి రావడాన్నే వాళ్ళు సభకి వెళ్ళడం అనేవారు. ఇవతల మగవాళ్ళు స్త్రీజనోద్ధరణ మీద ఉపన్యాసాలిచ్చేవారు. చేతులు ఊపుతూ, గొంతు వణికిస్తూ, అబలల కన్నీళ్ళు తలుచుకుని ఒక్కోసారి తామే కళ్ళొత్తుకునేవారు. ఉద్ధరింపబడవలసిన వాళ్ళు నా వెనక తమలపాకులు చుట్టుకుంటూ, ఎవరి మీసం వంకరో, ఎవరి కోటు బొత్తం ఊడిందో మాట్లాడుకునేవారు.

ఇక్కడ నా స్వభావం ఒకటి చెప్పుకోవాలి. చీకట్లో ఉన్నవాళ్ళకి నా పుల్లల సందుల్లోంచి వెలుగులో ఉన్నవాళ్ళు కనిపిస్తారు. వెలుగులో ఉన్నవాళ్ళకి చీకట్లోవాళ్ళు కనిపించరు. నాకున్న విద్య అంతే. ఘోషా ఇళ్ళలో పుట్టిన ఆడపిల్లకి ఇది మాటలతో పాటే వస్తుంది. వీధిలో ఊరేగింపు చూడాలంటే ముందు గదిలో దీపం ఆర్పాలి. మగవాళ్ళకి మాత్రం ఈ సంగతి తెలియదు. వాళ్ళెప్పుడూ నా వెనక కూర్చుని చూడలేదు కదా.

వకీలు తిరుపతిరాజు గారు ఆ పఠనమందిరానికి అధ్యక్షులు. మంచి మనిషే. భార్య మీద ఏనాడూ చెయ్యి ఎత్తలేదు. ఆ ఇంట్లో భార్యని కూడా “మీరు” అనేవారు. మర్యాదకి ఏ లోటూ లేదు. ఆవిడకి చదువు చెప్పించారు, పుస్తకాలు తెప్పించారు, ఆవిడ కథలు రాస్తానంటే కాగితాలూ సిరా తెచ్చి ఇచ్చారు. ఊళ్ళో ఇంకే మగాడూ అంతపని చెయ్యలేదని ఆయనకి తెలుసు. ఆ తెలివిడి ఆయన నడకలో కూడా ఉండేది.

చంద్రాయమ్మ గారి కథలు మద్రాసు నుంచి వచ్చే ఒక స్త్రీల మాసపత్రికలో పడేవి. ముసలి మొగుడికి మందులు నూరుతూ రహస్యంగా పలక మీద అక్షరాలు దిద్దుకునే పిల్ల కథ ఒకటి. అత్తగారింటి తాళం వెయ్యని గుమ్మం లోపలే పదేళ్ళు కూర్చున్న కోడలి కథ ఒకటి. ఆవిడ రాసింది ఆయన చక్కగా తిరగరాసి, సాపు చేసి టపాలో వేసేవారు. సాపు చేసేటప్పుడు దిద్దేవారు. భాష దిద్దితే దిద్దారు. చివర మాత్రం ఆయనే రాసేవారు. ఆయన ముగింపుల్లో ఆడవాళ్ళకి జ్వరం వచ్చేది. అక్షరాలు దిద్దుకున్న పిల్లకి జ్వరం వచ్చింది. గుమ్మం దాటిన కోడలికీ జ్వరం వచ్చింది. ఇద్దరూ భర్త పాదాల మీద తల పెట్టి, తప్పు ఒప్పుకుని, ముత్తైదువలుగా పోయారు.

ఈ సంగతి నా వెనక అందరికీ తెలుసు. తెలియజేసింది బుచ్చినాగమ్మ గారు. ఆవిడ ముసలి వితంతువు. ఊళ్ళో మర్యాదస్తుల ఆడవాళ్ళలో వీధిన నడిచే హక్కు ఆవిడకొక్కదానికే ఉంది. పోగొట్టుకోవడానికి ఆవిడ దగ్గర ఇంకేమీ లేదని ఊరు నిర్ణయించింది కాబట్టి. పఠనమందిరం పత్రికలు ఇంటింటికీ తీసుకెళ్ళి ఆడవాళ్ళచేత చదివించి తిరిగి తేవడం ఆవిడ పని.

“ఈ వకీలు గారి చేతిలో పడ్డ ఏ ఆడదీ బతికి బట్టకట్టదమ్మా,” అనేది ఆవిడ. “ఇంత జ్వరం మన జిల్లాలో కూడా లేదు.”

ఆడవాళ్ళు నవ్వేవారు. చంద్రాయమ్మ గారు నవ్వేది కాదు.

ఇవతల మగవాళ్ళ మాట వేరు. ఆడది ఇలా రాస్తుందా, పేరు ఆవిడది, చెయ్యి ఆయనది అని వాళ్ళు తేల్చేశారు. భార్యల పేర్లు పెట్టుకుని రాసే మగవాళ్ళు ఆ రోజుల్లో లేకపోలేదు. “భలే రాశారండీ రాజుగారూ, ఆడవాళ్ళ మనసులో దూరి చూసినట్టుంది,” అని భుజం తట్టేవారు. ఆయన అవుననేవారు కాదు, కాదనేవారు కాదు. మీసం సవరించుకునేవారు. అబద్ధం ఆడే మనిషి కాదాయన. వకీలు కదా, చెప్పకుండా ఊరుకోవడంలో ఆరితేరారు. కథంతా ఆవిడది, దాని మెప్పు ఆయనకి. చివరి జ్వరం ఆయనది, దాని కింద పేరు ఆవిడది. ఇంత చక్కటి పంపకం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ ఏడు పఠనమందిరం వార్షికోత్సవానికి రాజమండ్రి నుంచి ఒక పెద్దమనిషిని అధ్యక్షత వహించడానికి పిలిచారు. సభలో ఒక స్త్రీ కంఠం వినిపిస్తే మన ఊరి పేరు పత్రికల్లో మోగిపోతుందని సుబ్బారాయుడు గారికి తోచింది. తెర వెనక నుంచే, ఘోషాకి భంగం రాకుండా. తిరుపతిరాజు గారు వెంటనే ఒప్పుకున్నారు. తన భార్య కొత్త కథని ఆవిడే చదువుతుంది. కథ అప్పటికే మద్రాసు వెళ్ళిపోయింది. దాని నకలు ఆయన ముత్యాల్లాంటి దస్తూరీతో రాసి ఆవిడ చేతికిచ్చారు.

ఆ మధ్యాహ్నం అందరికంటే ముందు చంద్రాయమ్మ గారు, బుచ్చినాగమ్మ గారు వచ్చి నా వెనక కూర్చున్నారు. కొత్త కథలో సుభద్ర అనే ఆవిడ ఉంది. మగపిల్లలు కలగలేదని మొగుడు రెండో పెళ్ళి చేసుకుని వస్తాడు. కొత్త పెళ్ళికూతురికి పెద్దభార్యే ఎదురువెళ్ళి దిష్టి తీసి హారతి ఇవ్వాలి. అది ఆ ఇంటి ఆచారం.

“హారతి ఇచ్చాక మీ సుభద్ర ఏం చేసిందమ్మా?” అని అడిగింది బుచ్చినాగమ్మ గారు.

“నేను రాసినదాంట్లో అయితే వెళ్ళిపోయిందండీ.”

“ఆయన రాసినదాంట్లో?”

చంద్రాయమ్మ గారు చివరి కాగితం తీసి చూపించింది. ముసలావిడ కళ్ళు చికిలించి చదివి, “మళ్ళీ జ్వరమే,” అంది. “పోనిద్దురూ. కాగితం మీది మనిషేగా.”

“కాగితం మీద కూడా వెళ్ళనివ్వకపోతే ఇంకెక్కడికి వెళుతుందండీ నాగమ్మ గారూ?” అంది చంద్రాయమ్మ గారు. ఆవిడ గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు. చాలా అలిసిపోయిన మనిషి గొంతు అది. నాకు జాలేసింది. తెరలకి జాలి పడే పని ఎవరూ అప్పగించరు, అయినా వేసింది.

సభ మొదలవడమే ఆలస్యమైంది. ఆపైన ఉపన్యాసాలు. ఒకాయన వేదకాలపు స్త్రీల దగ్గర మొదలుపెట్టి పొద్దువాలే వేళకి కూడా ఇటువైపు రాలేకపోయాడు. చంద్రాయమ్మ గారి వంతు వచ్చేసరికి హాల్లో మసక చీకటి పడింది. నౌకరు ఒక లాంతరు వెలిగించి తెచ్చాడు, రెండోదానికి కిరసనాయిలు పోసుకుంటున్నాడు.

“ఆ లాంతరు ముందు ఆడవారి వైపు పెట్టండి. చదవాలి కదా, పాపం,” అన్నారు తిరుపతిరాజు గారు. భార్య మీద ఆయనకున్న శ్రద్ధకి సభంతా చప్పట్లు కొట్టింది.

లాంతరు నా వెనక ముక్కాలిపీట మీదికి వచ్చింది. అంతే, నా విద్య తలకిందులైపోయింది. మగవాళ్ళ వైపు చీకటి, ఆడవాళ్ళ వైపు వెలుతురు. ఊళ్ళో పరపురుషుడెవరూ ఎన్నడూ చూడని చంద్రాయమ్మ గారు పాపిటబిళ్ళతో సహా హాలంతటికీ కనిపిస్తోంది.

మొదట బుచ్చినాగమ్మ గారు కనిపెట్టింది. గబుక్కున చెయ్యి చాచి వత్తి తగ్గించబోయింది. చంద్రాయమ్మ గారు ఆ చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో వత్తి ఇంకాస్త పైకి తిప్పింది. అప్పుడు అర్థమైంది నాకు. ఘోషా ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి దీపం సంగతి ఎవరో చెప్పాలా?

“అమ్మా,” అంది ముసలావిడ, భయంగా.

“ఉండనివ్వండి,” అంది ఆవిడ.

చదవడం మొదలుపెట్టింది. ఇవతల మగవాళ్ళలో మర్యాద తెలిసిన కొందరు తల దించుకున్నారు. తెలియని కొందరు మెడ సాచారు. తల దించుకున్నవాళ్ళు కూడా కాసేపటికి ఎత్తారు. తిరుపతిరాజు గారి పరిస్థితి చూస్తే నవ్వొచ్చింది నాకు. లేచి దీపం తీయమంటే తన భార్య అందరికీ కనిపిస్తోందని ఒప్పుకున్నట్టు. ఊరుకుంటే కనిపిస్తూనే ఉంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

ఆవిడ గొంతు మొదట సన్నగా ఉంది. సుభద్ర వాకిట్లో ముగ్గు పెట్టే చోట స్థిరపడింది. సుభద్ర హారతి పళ్ళెం పట్టుకుని పెళ్ళిబండికి ఎదురెళ్ళింది. బండిలోంచి దిగిన పెళ్ళికూతురు నిద్రమొహంతో, ఆకలితో, తల్లి కోసం వెతుక్కుంటోంది. సుభద్ర పళ్ళెం ఎత్తింది. అక్కడికి ఆ కాగితం అయిపోయింది.

చివరి కాగితం చేతిలోకి తీసుకుంది చంద్రాయమ్మ గారు. ఒకసారి చూసింది. హాలంతా చూస్తుండగా దాన్ని బోర్లించి లాంతరు కింద పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తి, కాగితం లేకుండా చెప్పడం మొదలుపెట్టింది.

సుభద్ర ఆ పిల్లకి దిష్టి తీసింది. “అన్నం తిన్నావా అమ్మా?” అని అడిగింది. లేదని తల ఊపితే లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి వడ్డించింది. ఆ పిల్ల తిని చెయ్యి కడుక్కున్నాక, బొడ్లోంచి తాళాల గుత్తి తీసి హారతి పళ్ళెంలో పెట్టి మొగుడికి అందించింది. ఎక్కడికి అని అడిగాడతను. “లోపలికి రావడానికి హారతి కావాలి గానీ, బయటికి వెళ్ళడానికి అక్కర్లేదు కదండీ,” అంది సుభద్ర. పట్టపగలు నడివీధిలో నడుచుకుంటూ బోర్డు బడి దాకా వెళ్ళి, పిల్లలకి కుట్టుపని నేర్పడానికి మనిషి కావాలన్నారట, వచ్చానని చెప్పింది.

“అంతేనండీ కథ,” అని ఆగిపోయింది చంద్రాయమ్మ గారు.

నాకు ఒళ్ళు పులకరించింది, ఉన్నమాట చెబుతున్నాను. చివరికి రాజమండ్రి పెద్దమనిషి లేచారు. ఆయన మాటకారి అని పేరు. ఆ వేళ మాత్రం రెండే మాటలన్నారు. “ఈ కథలు ఎవరు రాస్తున్నారో అని మా ఊళ్ళో ఒక వాదం ఉందండీ. వెళ్ళగానే తీర్చేస్తాను.” నమస్కారం పెట్టి కూర్చున్నారు. ఆ నమస్కారం పెట్టింది తిరుపతిరాజు గారికి కాదు, నా వైపుకి.

మర్నాడే కార్యవర్గం సమావేశమైంది. సుభద్ర వెళ్ళవచ్చా కూడదా అన్నది వాళ్ళు చర్చించలేదు. వెదురు తెర నమ్మదగింది కాదని తీర్మానించి మందపాటి జంపఖానా కట్టించారు. తప్పు చేసిన నౌకరుని పంపేసినట్టు నన్ను పంపేశారు. ఎవరూ తీసుకోకపోతే అధ్యక్షులు కాబట్టి తిరుపతిరాజు గారే ఇంటికి తీసుకెళ్ళి వెనక వసారాకి కట్టించారు. అలా నేను చంద్రాయమ్మ గారి ఇంటిదాన్నయ్యాను.

ఇంట్లో కేకలు వినిపిస్తాయనుకున్నాను. లేదు. ఆయన కొన్నాళ్ళు మాట్లాడలేదు, అంతే. అన్నం దగ్గర నెయ్యి కావాలన్నా నౌకరుతో చెప్పించేవారు. చంద్రాయమ్మ గారు సభలకి వెళ్ళడం ఆగిపోయింది. ఆ శిక్ష ఆయన నోటితో వెయ్యలేదు, బండి కట్టమనడం మానేశారు. మర్యాదస్తుల ఇళ్ళలో పనులు అలాగే జరుగుతాయి.

తర్వాత పత్రిక వచ్చింది. అందులో సుభద్రకి జ్వరం వచ్చింది. మొగుడి పాదాల మీద తల పెట్టి, కొత్త పెళ్ళికూతుర్ని దీవించి పోయింది. కింద చంద్రాయమ్మ గారి పేరు అచ్చయింది. ఆ రోజంతా ఆవిడ వసారాలో గోడకి జారబడి కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. నేను ఆవిడని అలా చూడలేకపోయాను.

పఠనమందిరం ప్రతిని బుచ్చినాగమ్మ గారు యథాప్రకారం ఇంటింటికీ తిప్పింది. అది తిరిగి వచ్చేసరికి అందులో కథ చివరి ఆకు లేదు. శుభ్రంగా, కుట్టు దగ్గరికి చింపేసి ఉంది. సుబ్బారాయుడు గారు మండిపడి విచారణ జరిపారు. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు ఒకే మాట చెప్పారు: మా ఇంటికి వచ్చేసరికే లేదండీ. మొదటి ఇంట్లో కూడా అదే చెప్పారు. ఆ ఆకు వెనక వైపు ఆవకాయ కొలతలున్నాయిట. వాటిని కూడా వదులుకున్నారంటే ఆ ఊరి ఆడవాళ్ళ పట్టుదల మీరే ఊహించుకోండి. కథ ఎలా అయిందని పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరైనా అడిగితే వాళ్ళే చెప్పేవారు, బోర్డు బడి దాకా.

తిరుపతిరాజు గారు ఆ సాయంత్రం వసారాలోకి వచ్చారు. చాలా రోజుల తర్వాత భార్యతో మాట్లాడారు.

“మీరు చింపించారా?”

“నేను గడప దాటడం లేదు కదండీ,” అంది చంద్రాయమ్మ గారు.

ఆయన వెనుదిరిగి వెళ్ళిపోయారు. అవమానం అనుకున్నారో, ఆలోచనలో పడ్డారో తెలియదు. మగవాళ్ళ వీపు చూసి రెండూ విడదీయడం కష్టం.

ఆపైన ఆవిడ మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. నా నీడలోనే, నేల మీద బల్ల వాల్చుకుని రాసేది. కథ అయిందని తెలిసి ఒక ఆదివారం ఆయన కలం పట్టుకుని వచ్చారు. అలవాటు పోదు కదా. ఆవిడ అభ్యంతరం చెప్పకుండా కాగితాలు ఇచ్చింది. ఆయన వాలుకుర్చీలో కూర్చుని చదివారు. వరదలో పుట్టింటికి బయల్దేరిన ఒక పిల్ల కథ. పడవ రేవు దాకా వచ్చింది, పడవవాడు ఎక్కించుకోనంటున్నాడు, వెనక నుంచి అత్తవారి మనుషులు వస్తున్నారు. కలం అక్కడక్కడ ఒక పొల్లు దిద్దింది, ఒక దీర్ఘం తీసింది. తర్వాత దిద్దడం మరిచిపోయింది. ఆయన ముందుకి వంగి చదువుతున్నారు.

ఆఖరి పుట తిప్పి వెనక చూశారు. ఏమీ లేదు.

“చివరి కాగితం ఏదండీ?”

“ఇంకా రాయలేదండీ.”

“ఎప్పుడు రాస్తారు?”

“మీరు దిద్దడం అయ్యాక. సాపు కూడా నేనే చేసుకుంటాను. నాగమ్మ గారు టపాలో వేస్తానన్నారు.”

ఆయన మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి కాగితాల వంక చూశారు. మళ్ళీ రేవు దగ్గర ఆగిన చోటే చూపు నిలిచింది. కలం పక్కన పెట్టి, ఆయన గొంతులో నేనెప్పుడూ వినని నెమ్మదితో అడిగారు.

“ఇంతకీ ఆ పిల్ల పడవెక్కుతుందా?”

“పత్రికలో వస్తుందండీ. చదువుకోండి,” అంది చంద్రాయమ్మ గారు, కాగితాలు తీసుకుని దొంతి పెట్టుకుంటూ.

ఆ నెలంతా టపా వచ్చే వేళకి తిరుపతిరాజు గారు కోర్టుకి ఆలస్యమైనా సరే వీధరుగు మీద కూర్చునేవారు.